పుకారు మీద పెట్టుబడి: హాస్య వర్తక గేమ్ తయారీపై పాఠకుల ప్రశ్నలు

ఇటీవల ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిది ఒకటే అంశం. పూర్వకాలపు సముద్ర వర్తకాన్ని నేపథ్యంగా తీసుకుని, ఒక దేశం వారి గురించి మరొక దేశం వారు చెప్పుకునే మూస మాటలను హాస్యంగా వాడుకునే సిమ్యులేషన్ గేమ్‌ను ఎలా తయారుచేయాలన్నది ఆ అంశం. విడివిడిగా జవాబులిస్తే చెప్పిందే చెప్పవలసి వస్తుంది కనుక, ఒకదానితో ఒకటి ముడిపడిన ఆరు ప్రశ్నలను ఎంచుకుని ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మేము ముగ్గురు మిత్రులం కలిసి 17వ శతాబ్దపు ఐరోపా సముద్ర వర్తకం మీద గేమ్ తయారుచేస్తున్నాము. పిసినారి డచ్చి వర్తకుడు, డాంబికపు స్పెయిన్ దొర, తాగుబోతు జర్మన్ వంటి పాత్రలను ఇప్పటికే గీశాము. ఇది అవమానకరమని మాలో ఒకరు అంటున్నారు. అన్ని దేశాల వారినీ సమానంగా వెక్కిరిస్తున్నాము కనుక తప్పు లేదని ఇంకొకరు అంటున్నారు. ఎవరి మాట సరైనది?

జవాబు: అందరినీ సమానంగా వెక్కిరించామన్న సమర్థన వినడానికి న్యాయంగానే ఉంటుంది కానీ, దానివల్ల మీ గేమ్ బాగుపడదు. ఆటగాడు మొదటి అరగంటలోనే ఏ దేశం వాడికి ఏ గుణం అంటగట్టారో కనిపెట్టేస్తాడు. ఆ తరువాత ఎదురయ్యే ప్రతి పాత్రా అతడికి ముందే తెలిసిన పాత్రే అవుతుంది, అతడు నవ్వడం మానేస్తాడు. అవమానం సంగతి కాసేపు పక్కన పెట్టి ఆటగా చూసినా అది నష్టమే. అందువల్ల మీ మొదటి మిత్రుని అభ్యంతరాన్ని గౌరవించమని, అయితే పాత్రలను చెరిపేయకుండా వాటి పునాదిని మార్చమని నా సలహా.

ఈ మూస మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో ముందు చూడండి. 18వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆస్ట్రియాలోని స్టైరియా ప్రాంతంలో గీసిన ఒక వర్ణచిత్రం ఉంది. అందులో స్పెయిన్ వాడి నుంచి తురుష్కుడి దాకా పది జాతుల మనుషులను వరుసగా నిలబెట్టి, కింద పట్టిక గీసి, ఒక్కొక్కరి స్వభావం, బుద్ధి, దుర్గుణం, ఇష్టపడే వస్తువు, పోల్చదగిన జంతువు, చివరికి చావు వచ్చే తీరు దాకా పదిహేడు గళ్ళు నింపారు. ఆ పట్టిక ప్రకారం జర్మన్ చచ్చేది మద్యంలో, ఇంగ్లీషువాడు నీటిలో, మస్కోవీ (నాటి రష్యా) వాడు మంచులో. జర్మన్ భాషలో రాసిన ఆ పట్టికలో జర్మన్‌కు దక్కిన జంతువు సింహం, మస్కోవీ వాడికి దక్కింది గాడిద. తురుష్కులు, గ్రీకులు వేరువేరు జాతులన్న సంగతి కూడా పట్టించుకోకుండా ఇద్దరినీ ఒకే నిలువు వరుసలో సర్దేశారు. ఆ పట్టికను చదివినవారికి పది జాతుల గురించి తెలిసేది చాలా తక్కువ. దాన్ని రాసినవాడి గురించి తెలిసేది చాలా ఎక్కువ. మీ గేమ్‌కు కావలసిన హాస్యమంతా సరిగ్గా అక్కడే ఉంది.

వర్తక చరిత్రలో దీనికి ఇంకా బలమైన సాక్ష్యం ఉంది. ఇంగ్లండుకూ డచ్చి గణరాజ్యానికీ 1652–54, 1665–67, 1672–74 సంవత్సరాల్లో మూడు యుద్ధాలు జరిగాయి, మూడింటి వెనుకా వర్తక స్పర్ధ ఉంది. డచ్చివారు పిసినారులనీ తాగుబోతులనీ వెన్న తిని బతికే బురద నేల మనుషులనీ ఇంగ్లీషు కరపత్రాలు హోరెత్తించింది ఆ కాలంలోనే. 1623లో నేటి ఇండోనేషియాలోని అంబోయ్నా దీవిలో డచ్చి ఈస్టిండియా కంపెనీ పదిమంది ఇంగ్లీషువారికి మరణశిక్ష విధించిన ఉదంతాన్ని కొత్త యుద్ధం వచ్చినప్పుడల్లా మళ్ళీ అచ్చువేశారు. అవతలి ఒడ్డున డచ్చి చిత్రకారులు ఇంగ్లీషువారికి తోకలు తగిలించి బొమ్మలు గీశారు. అంటే మీరు గీసిన పిసినారి డచ్చి వర్తకుడు డచ్చి దేశంలో పుట్టినవాడు కాదు, అతడి గిరాకీని పోగొట్టాలనుకున్న పోటీదారు లండన్‌లో పుట్టించినవాడు.

కనుక మూస మాటను పాత్ర స్వభావంగా పెట్టకండి. రేవులో వినిపించే పుకారుగా పెట్టండి. ప్రతి వర్తకుడి దగ్గరా ఇతర దేశాల వారి గురించి తాను నమ్మే ఒక చిన్న పుస్తకం ఉంటుందనుకోండి. ఆటగాడు ఆ పుస్తకాలను కొనవచ్చు, చదవవచ్చు, నమ్మవచ్చు. అయితే వర్తకుల అసలు ప్రవర్తనను నిర్ణయించేది వారి దేశం కాదు: చేతిలోని రొక్కం, తీర్చవలసిన అప్పు, గిడ్డంగిలోని నిల్వ, రానున్న ఋతువు. లండన్‌లో కొన్న పుస్తకం డచ్చివాడు గీచి గీచి బేరమాడతాడని హెచ్చరిస్తుంది. దాన్ని నమ్మిన ఆటగాడు ధర పెంచి చెబుతాడు, ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడు నవ్వి మర్యాదగా పక్క ఓడ దగ్గరకు వెళతాడు. ఎందుకంటే అతడు తక్కువ ధరకు బేరం ముగించడానికి కారణం పిసినారితనం కాదు. 1590ల నుంచి డచ్చి దేశపు హోర్న్ పట్టణంలో కట్టడం మొదలైన ఫ్లౌట్ అనే సరుకు ఓడ అదే బరువు మోసే ఇతర ఓడల కంటే చాలా తక్కువమంది నావికులతో నడిచేది. శతాబ్దం మధ్య నాటికి అక్కడ అప్పు నాలుగు శాతం వడ్డీ చుట్టుపక్కల పుట్టేది. ఇంగ్లండులో చట్టం అనుమతించిన గరిష్ఠ వడ్డీ 1624 నుంచి ఎనిమిది శాతం, 1651 నుంచి ఆరు శాతం. రవాణా చవక, అప్పు చవక అయిన చోట కొద్దిపాటి లాభానికైనా అమ్మవచ్చు. ఈ లెక్కను కనిపెట్టిన ఆటగాడు గెలుస్తాడు, పుకారును నమ్మినవాడు నష్టపోతాడు. ఇలా కడితే నవ్వు డచ్చివాడి మీదకు పోదు, అతడి గురించి తనకు అంతా తెలుసుననుకున్నవాడి మీదకు పోతుంది.

ఒక జాగ్రత్త అవసరం. పుకార్లన్నీ ఎప్పుడూ అబద్ధమే అయితే ఆటగాడు వాటిని తలకిందులుగా చదవడం నేర్చుకుంటాడు, అది మరొక మూస అవుతుంది. కొన్ని పుకార్లు ఒక ఏడాది నిజమై మరుసటి ఏడాది పరిస్థితి మారినందువల్ల తప్పిపోవాలి. ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదేనని నా అభిప్రాయం, దీనికి ఎంత సమయం పట్టినా వెచ్చించండి.

ప్రశ్న: దేశాల వారి గుణాలను పుకార్ల స్థాయికి దించేస్తే, నవ్వించడానికి గేమ్‌లో ఇంకేమి మిగులుతుంది? సుంకాలు, తూకాలు, జమాఖర్చులలో హాస్యం ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: హాస్యం దొరికేదే అక్కడ. ఆ కాలపు వర్తక నియమాలను ఉన్నవి ఉన్నట్లుగా గేమ్‌లో పెట్టినా చాలు, కల్పించవలసిన అవసరం అంతగా రాదు.

డెన్మార్క్ రాజులు 1429 నుంచి 1857 వరకు, ఉత్తర సముద్రం నుంచి బాల్టిక్ సముద్రానికి వెళ్ళే దారిలో ఎల్సినోర్ దగ్గర జలసంధి దాటే ఓడల నుంచి సుంకం వసూలు చేశారు. మొదట ఓడకు ఇంత అని ఉండేది. 16వ శతాబ్దంలో సరుకు విలువను బట్టి వసూలు చేయడం మొదలుపెట్టారు. సరుకు విలువను చెప్పవలసింది ఓడ నాయకుడే. మరి తక్కువ చేసి చెబితే? అతడు చెప్పిన ధరకే సరుకు మొత్తాన్ని కొనేసుకునే హక్కును రాజు తన దగ్గర ఉంచుకున్నాడు. ఎక్కువ చెబితే సుంకం ఎక్కువ, తక్కువ చెబితే సరుకే పోవచ్చు. గేమ్‌లో ఆ ఒక్క తెర చాలు: ఆటగాడి ముందు ఖాళీ గడి, ఎదురుగా ఓపికగా నిలబడిన సుంకాధికారి. ఆ రోజు రాజుగారి ఖజానాలో రొక్కం ఉందో లేదో, ఆయనకు ఆ సరుకు అవసరమో కాదో ఆటగాడికి తెలియదు. మొదటిసారి అతి తెలివితో పదో వంతు విలువ రాసి, పట్టు బట్టల ఓడను గోధుమ ధరకు రాజుకు సమర్పించుకున్న ఆటగాడు ఆ రేవును మరచిపోడు. నేను చూసినంతలో వర్తక చరిత్ర ఇంతకంటే చక్కటి ఆట నియమాన్ని మరెక్కడా ఇవ్వలేదు.

పంచాంగాల తేడా ఇలాంటిదే. హాలండ్ 1583లో కొత్త గ్రెగోరియన్ పంచాంగానికి మారింది, ఇంగ్లండు 1752 వరకు పాత జూలియన్ పంచాంగాన్నే వాడింది. 17వ శతాబ్దంలో ఈ రెండింటి మధ్య తేడా పది రోజులు. ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్చి 11న బయలుదేరిన ఓడ నాలుగు రోజుల్లో లండన్ చేరితే అక్కడి తేదీ మార్చి 5. అంటే బయలుదేరిన తేదీ కంటే ఆరు రోజులు ముందే చేరినట్లు. ఇది చాలనట్లు ఇంగ్లండులో అధికారికంగా సంవత్సరం మారేది మార్చి 25న. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1650 ఫిబ్రవరి 10వ తేదీ వేసి రాసిన ఉత్తరం, లండన్ లెక్కలో 1649 జనవరి 31న రాసినది. ఈ రెండు నగరాల మధ్య హుండీలకు, అంటే గడువుకు డబ్బు చెల్లించమని రాసిచ్చే పత్రాలకు, తేదీ నుంచి ఒక నెల గడువు ఇవ్వడం ఆనవాయితీ. గడువు ఎవరి పంచాంగం ప్రకారమో అడగకుండా హుండీ రాసిన ఆటగాడి పరిస్థితిని ఊహించండి. ఇక్కడ నవ్వు రావడానికి ఏ దేశం వారినీ తక్కువ చేయనక్కరలేదు, ఇద్దరూ తమ తమ పంచాంగం ప్రకారం నిజాయితీపరులే.

కొలతల విషయం తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. బట్ట కొలిచే ఎల్ అనే కొలత ఇంగ్లండులో 45 అంగుళాలు, నేటి బెల్జియం ప్రాంతమైన ఫ్లాండర్స్‌లో 27 అంగుళాలు. వంద ఎల్‌లు కొన్నానని సంబరపడిన ఆటగాడు ఏ వంద కొన్నాడో చూసుకోవాలి. మూడు నాలుగు రేవులకు ఇటువంటి తేడాలు పెడితే సరిపోతుంది, పాతిక రేవులకు పాతిక కొలతలు పెడితే అది శిక్ష అవుతుంది.

వార్తల ఆలస్యాన్ని మాత్రం తప్పక పెట్టండి. ఆ కాలంలో ధరల వార్త ఓడ కంటే, గుర్రం కంటే వేగంగా ప్రయాణించదు. ఆటగాడికి తెరపై కనిపించే ధర పక్కన అది ఎన్ని రోజుల నాటిదో రాయండి. వర్తకులంతా గట్టి నమ్మకంతో చెప్పే మాటలు నలభై రోజుల పాతవని తెలిసినప్పుడు, ఆ గంభీరమైన సంభాషణలు వాటంతట అవే హాస్యమవుతాయి.

ప్రశ్న: మా గేమ్‌లో ఆటగాడు ఒక్క లాభసాటి మార్గం కనుక్కోగానే అదే దారిలో తిరిగి కోటీశ్వరుడైపోతున్నాడు. దాన్ని అడ్డుకోవడానికి కంప్యూటర్ నడిపే వర్తకులను చేర్చితే అన్ని రేవుల్లో ధరలు సమానమైపోయి ఆట చప్పబడుతోంది. మధ్యే మార్గం ఏమిటి?

జవాబు: రెండూ ఒకే లోపం నుంచి వచ్చినవి. మీ ధర ఆటగాడు అమ్మే సరుకుకు స్పందించడం లేదు, లేదా అందరికీ ఒకేసారి తెలిసిపోతోంది.

ధరను నిల్వతో ముడిపెట్టండి. ఒక రేవులో ఉప్పు మామూలు నిల్వ 100 పీపాలు, మామూలు ధర 20 నాణేలు అనుకుందాం. మామూలు నిల్వను ప్రస్తుత నిల్వతో భాగించి, దాని వర్గమూలాన్ని మామూలు ధరతో గుణిస్తే ప్రస్తుత ధర వస్తుంది. నిల్వ 25కు పడిపోతే ధర 40 అవుతుంది, 400కు పెరిగితే 10కి దిగుతుంది. ఇక ముఖ్యమైన సంగతి: ధర ప్రతి పీపాకూ మారాలి. నిల్వ 25 ఉన్న రేవుకు 75 పీపాలు తెచ్చిన ఆటగాడు నలభై చొప్పున 3000 నాణేలు వస్తాయని లెక్కవేసుకుంటాడు. అమ్ముతున్న కొద్దీ ధర 40 నుంచి 20కి దిగుతుంది కనుక అతడి చేతికి వచ్చేది సుమారు 2000 మాత్రమే. అదే దారిలో వెంటనే మళ్ళీ వస్తే ఇంకా తక్కువ. ఒక మార్గం నుంచి ఎంత పిండుకోవచ్చో దానికి సహజమైన హద్దు ఏర్పడుతుంది. కొనుగోలు ధరకూ అమ్మకం ధరకూ మధ్య కొద్దిపాటి తేడా ఉంచడం మరవకండి. ఒకే రేవులో కొని అక్కడే అమ్మితే తప్పక నష్టం రావాలి. ఈ ఒక్క పరీక్ష చాలా లోపాలను బయటపెడుతుంది.

కంప్యూటర్ వర్తకులకు ఆటగాడికి ఉన్న పరిమితులే పెట్టండి. వారికి కూడా పాత వార్తలే తెలియాలి. అప్పుడు ఉప్పు కరువన్న వార్త విని అయిదు ఓడలు వేరువేరు రేవుల నుంచి బయలుదేరి ఒకే వారంలో వచ్చి పడతాయి, ధర కూలుతుంది, మరుసటి ఏడాది భయపడి ఎవరూ తేరు, మళ్ళీ కరువు వస్తుంది. ధరలు సమానం కావాలని నిరంతరం ప్రయత్నిస్తూ ఎన్నడూ సమానం కాకపోవడమే సజీవమైన మార్కెట్. అందరూ తెలివిగా ఆలోచించి అందరూ ఒకే తప్పు చేయడం చూస్తే ఆటగాడికి నవ్వు రాకుండా ఉండదు.

దానిపై ఋతువులను పరచండి. మధ్యయుగపు ఉత్తర ఐరోపాలో లూబెక్ వంటి నగరాలు హాన్సా పేరుతో కూటమి కట్టి వర్తకం నడిపాయి. శీతకాలపు ప్రమాదాల వల్ల నవంబర్ 11 నుంచి ఫిబ్రవరి 22 వరకు ఓడలు నడపరాదని ఆ కూటమి నియమం పెట్టింది. నేటి దక్షిణ స్వీడన్‌లోని స్కానియా తీరంలో హెర్రింగ్ చేప దొరికేది వేసవి చివర, శరత్కాలంలో. దాన్ని నిల్వ చేయడానికి జర్మనీలోని ల్యూనెబుర్గ్ ఉప్పు అదే సమయానికి చేరాలి. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల ఉపవాసంలో మాంసం నిషిద్ధం కనుక చేపకు గిరాకీ పెరుగుతుంది. ఈ మూడు సంగతులు కలిసి ఏడాది పొడవునా నడిచే లయను మీకు ఉచితంగా ఇస్తున్నాయి. అప్పుడప్పుడు రాజకీయ ఘటనలు చేర్చండి: 1494లో మస్కోవీ పాలకుడు మూడవ ఇవాన్ నొవ్‌గొరొద్‌లోని హాన్సా వర్తక స్థావరాన్ని మూసివేసి వర్తకులను బంధించాడు, బొచ్చు తోళ్ళు, మైనం వచ్చే దారి ఒక్కసారిగా తెగింది.

వెనుకబడిన ఆటగాడి సంగతి కూడా చూడాలి. 1983లో వచ్చిన ‘మ్యూల్’ అనే వర్తక గేమ్‌లో అదృష్ట ఘటనలు ముందంజలో ఉన్నవాడికి తగలవు, దురదృష్ట ఘటనలు అట్టడుగున ఉన్నవాడికి తగలవు. నలభై ఏళ్ళు దాటినా ఈ ఉపాయానికి పదును తగ్గలేదు. ఇదంతా ముందు స్ప్రెడ్‌షీట్‌లో కట్టి, బొమ్మలు లేకుండా వందేళ్ళ కాలాన్ని నడిపించి, ఏ సరుకు ధరైనా సున్నాకు గానీ ఆకాశానికి గానీ పోయి అక్కడే నిలిచిపోతోందేమో పరిశీలించండి. బొమ్మల పని ఆ తరువాత మొదలుపెట్టవచ్చు.

ప్రశ్న: చరిత్రను నిజాయితీగా చూపాలంటే బానిసల వర్తకం, ఆక్రమణలు చూపకుండా ఎలా? కానీ అవి హాస్య గేమ్‌లో ఇముడుతాయా? మొత్తంగా తీసేయడం మంచిదా?

జవాబు: మీరు ఈ ప్రశ్న వేయడమే నాకు ఎంతో సంతోషం కలిగించింది, చాలామంది తయారీదారులు గేమ్ విడుదలయ్యాక గానీ దీని గురించి ఆలోచించరు. ఆఫ్రికా తీరం నుంచి అట్లాంటిక్ మీదుగా తరలించడానికి ఓడలెక్కించిన మనుషుల సంఖ్య దాదాపు కోటీ ఇరవై అయిదు లక్షలని చరిత్రకారుల అంచనా. దాన్ని సరుకుల పట్టికలో ఉప్పు పక్కన, చేప పక్కన ఒక వరుసగా పెట్టడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. డెన్మార్క్‌కు చెందిన ఒక విద్యా గేమ్‌లో బానిసలను ఓడ అడుగుభాగంలో ఇటుకల్లా సర్దే ఘట్టం ఉండేది. ఆ కాలపు అమానుషత్వాన్ని పిల్లలకు చూపాలన్నదే తమ ఉద్దేశమని తయారీదారులు చెప్పినా తీవ్ర విమర్శ వచ్చి 2015లో దాన్ని తొలగించారు. ఉద్దేశం ఏదైనా ఆటగాడి చేతులు చేసే పని సర్దడమే. చక్కగా సర్దినందుకు తృప్తి కలగడమే ఆ ఆట నిర్మాణం.

తీసేయడం కూడా అన్ని చోట్లా నిజాయితీ కాదు. అట్లాంటిక్ చక్కెరను గేమ్‌లో పెట్టి, చెరకు తోటల్లో పనిచేసినవారు ఎవరో చెప్పకపోతే అది అబద్ధం చెప్పినట్లే. జాజికాయను పెట్టి, ఆ కాయ కోసం 1621లో డచ్చి కంపెనీ నేటి ఇండోనేషియాలోని బాండా దీవుల ప్రజలను ఊచకోత కోసిన సంగతిని దాచడమూ అంతే. కనుక మీ ముందున్న అసలు నిర్ణయం కాలాన్నీ ప్రదేశాన్నీ ఎంచుకోవడం. మీకు కావలసినది నవ్వించే వర్తకమైతే 15వ శతాబ్దపు బాల్టిక్, ఉత్తర సముద్రాలకు పరిమితం కండి. ఉప్పు, చేప, ఉన్ని బట్ట, ధాన్యం, మైనం, తోళ్ళతో గేమ్ నిండుగా ఉంటుంది. అక్కడ క్రూరత్వం లేదని కాదు, మీరు చూపే ప్రధాన సరుకుల పునాది అది కాదు. మహాసముద్రాలు దాటి తీరాలని మీరు నిశ్చయించుకుంటే మాత్రం చక్కెర ధర పక్కన దాని వెనుక ఉన్న మనుషుల లెక్క కూడా కనిపించాలి, ఆ తెరపై హాస్యం పూర్తిగా ఆగాలి, ఆ వర్తకంలో గెలుపు అన్నది ఉండకూడదు. ఒకే గేమ్‌లో ఈ రెండు స్వరాలనూ నిలబెట్టడం చేయి తిరిగిన రచయితలకు కూడా కష్టమే. మొదటి గేమ్‌కు చిన్న సముద్రాన్నే ఎంచుకోమని నిస్సంకోచంగా చెబుతాను.

ప్రశ్న: విదేశీ పాత్రల చేత యాసతో, తప్పుల తడకగా మాట్లాడిస్తే సహజంగా, నవ్వు పుట్టేలా ఉంటుందా?

జవాబు: వద్దు. తన రేవులో తన భాష మాట్లాడే వర్తకుడికి నత్తి పెట్టడం అర్థం లేని పని, అక్కడ పరాయివాడు ఆటగాడే. 16వ శతాబ్దంలో ఆంట్వెర్ప్‌లో వర్తకుల కోసం అచ్చయిన సంభాషణ పుస్తకాలు క్రమంగా ఏడెనిమిది భాషలకు విస్తరించాయంటే, ఆ కాలపు వర్తకులు భాషలు నేర్చుకోవడానికి ఎంత శ్రమపడ్డారో తెలుస్తుంది. ఈ సంగతిని తిప్పి వాడండి. ఆటగాడు భాష నేర్చుకోని రేవులో అతడి మాటలే తప్పుగా పలకాలి; ‘ఈ గోధుమ కొంటాను’ అని నొక్కితే తెరపై ‘ఈ గోధుమ మీ అత్తగారా?’ అని రావాలి, ఎదుటి వర్తకుడు ఏమాత్రం తొణకకుండా శుద్ధమైన వాక్యాల్లో జవాబివ్వాలి. ఖర్చుపెట్టి ఉపాధ్యాయుణ్ణి కుదుర్చుకున్న కొద్దీ ఆటగాడి వాక్యాలు బాగుపడతాయి, బేరాలూ బాగుపడతాయి.

ప్రశ్న: మొదటిసారి అందరూ నవ్విన సంభాషణలే పదోసారి విసుగు పుట్టిస్తున్నాయని మా గేమ్‌ను పరీక్షించినవారు అంటున్నారు. వందల సంభాషణలు రాయడం ఇద్దరం చేయగలిగే పని కాదు. ఏమి చేయాలి?

జవాబు: వర్తక గేమ్‌కు ఇది ప్రత్యేకమైన ఇబ్బంది, ఎందుకంటే ఆటగాడు అదే రేవుకు నూరుసార్లు వస్తాడు. కథా గేమ్‌లో చమత్కారం ఒకసారి పేలితే చాలు, ఇక్కడ అది రోజూ కాపురం చేయాలి. సంఖ్య పెంచి దీన్ని గెలవలేరు. ఆరు వందలు రాసినా వాటిలో బాగున్నవి అరవైకి మించవు.

సంభాషణను స్థితికి కట్టండి. రేవు కాపలాదారు చెప్పే మాట ఆటగాడి గత యాత్రలో నిజంగా జరిగిన దాని నుంచి రావాలి: మునిగిన ఓడ పేరు, రాజుగారు లాక్కున్న సరుకు, నిరుడు కుళ్ళిపోయిన ధాన్యం. పది వాక్యాల చట్రాలు, ఇరవై స్థితులు చాలు, కలయికలు వాటంతట అవి ఏర్పడతాయి. అదే చమత్కారాన్ని వర్తకుడు ఇద్దరు ముగ్గురికి చెప్పినట్లు, అది చేతులు మారుతూ పెరిగినట్లు చూపితే మరీ మంచిది. ఒక చిన్న గాలివానలో మీరు పోగొట్టుకున్న రెండు పీపాలు మూడో రేవు చేరేసరికి రెండు ఓడలవుతాయి, అయిదో రేవులో మీకు అప్పు పుట్టదు. ఇక్కడ పుకారు హాస్యంగానూ, గేమ్ నియమంగానూ ఒకేసారి పనిచేస్తోంది చూడండి. ఆటగాడే స్వయంగా ఒక మూస ముద్రకు గురి అవుతున్నాడు. మొదటి ప్రశ్నలో చెప్పిన పుస్తకాల్లో ఆటగాడి పేరు కూడా చేర్చి, అతడి దేశం వారందరూ ఓడలు ముంచేవారేనని రాయించండి. ఆ తరువాత ఆ దేశం నుంచి వచ్చే నిర్దోషి వర్తకులందరికీ బీమా రుసుము పెరగనివ్వండి.

పరీక్షించే పద్ధతి గురించి ఒక్క మాట. మీ మిత్రులు నవ్వారా లేదా అన్నది చిన్న కొలబద్ద, వారికి మీ స్వరం ముందే తెలుసు. ఏ దేశాల వర్తకులు మీ గేమ్‌లో ఉన్నారో ఆ దేశాలకు చెందిన ఒకరిద్దరి చేత ఆడించి, వారు ఆడుతున్నప్పుడు మీరు నోరు మెదపకుండా చూడండి. తమ దేశం పాత్ర వచ్చినప్పుడు వారు ఇతర పాత్రలప్పటి కంటే తక్కువ నవ్వుతున్నారా, తెరను త్వరగా దాటేస్తున్నారా గమనించండి. అటువంటి చోట ఆ పాత్ర మాట్లాడే వాక్యాన్ని మార్చడంతో ఆగక, దాని ప్రవర్తనను నడిపే లెక్కలో దేశం పేరు ఎక్కడైనా మిగిలిపోయిందేమో వెతకండి, ఉంటే దాన్ని తీసి ఆ స్థానంలో అప్పును గానీ నిల్వను గానీ ఋతువును గానీ పెట్టండి.